ఎక్కడో మంచు లెక్క... ఇక్కడ ముంగారి చిక్కు

కృష్ణగిరి (మా విలేఖరి):

రోహిణి కార్తె ప్రవేశించిందంటే మన పల్లెల్లో ఏ రచ్చకట్ట మీద చూసినా ఒకటే చర్చ. ఈ ఏడు ముంగారి ఎట్లా వుంటుంది? పంచాంగంలో ఎన్ని కుంచాల వాన రాశారు? మృగశిరలోనే పదునవుతుందా, ఆరుద్ర దాకా గొర్రు కట్టకుండా ఆగాల్సిందేనా? బుడ్డల విత్తనం ఇప్పుడే కొని ఇంట్లో వేసుకోవాలా, నాలుగు చినుకులు పడ్డాక చూసుకోవాలా? ఈ ప్రశ్నల మీదే కృష్ణగిరి, పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు పట్టులో వేలాది సేద్యగాళ్ల అప్పు, సప్పు ఆధారపడి వుంటాయి. జొన్నగిరి, తుగ్గలి వైపు చేలల్లో వజ్రాలు వెదికేవారు కూడా తొలకరి కోసమే ఎదురు చూస్తారు.

ఈ చర్చలోకి ఏటా ఏప్రిల్ మాసం మధ్యలో ఢిల్లీ నుంచి ఒక ప్రకటన వచ్చి చేరుతుంది. భారత వాతావరణ శాఖ నైరుతి రుతుపవనాల మీద చేసే మొదటి ప్రకటన అది. దేశం మొత్తానికి వాన నూటికి ఇంత అని ఒక అంకె వుంటుంది. పత్రికలు ఆ అంకెనే పెద్ద అక్షరాల్లో వేస్తాయి. దాని కింద ఎవరూ పట్టించుకోని ఒక వాక్యం కూడా వుంటుంది. ఉత్తరార్ధ గోళంలో, యూరప్ ఆసియా ఖండాల మీద చలికాలంలో పడిన మంచు ఈసారి మామూలు కన్నా తక్కువగా వుందని, లేక ఎక్కువగా వుందని ఆ వాక్యం చెబుతుంది. 2025 ఏప్రిల్ ప్రకటనలో జనవరి నుంచి మార్చి దాకా మంచు మామూలు కన్నా తక్కువ విస్తీర్ణంలో వుందని చెప్పారు.

సైబీరియాలో మంచు పడితే కృష్ణగిరి చేనుకేమిటి? ఆ మంచు ఎంత మేర పరుచుకుందో కొలిచి వచ్చిన వారెవరు? మొదటి ప్రశ్న అడిగి నవ్వేవారున్నారు. నవ్వడంలో తప్పు లేదు. కాని దానికి జవాబు వెదుక్కుంటూ పోతే అది మన జిల్లా కరువు చరిత్రలోనే మొదలు కావడం విశేషం.

ధాత కరువు తర్వాత...

ధాత నామ సంవత్సరం, అంటే 1876లో వానలు మొహం చాటేశాయి. 1878 దాకా సాగిన ఆ కరువును పాతకాలం వారు ధాత కరువు అని చెప్పుకునేవారు. అప్పట్లో ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో వుండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే అది కర్నూలు జిల్లాలో కలిసింది. ఏ జిల్లా కింద వున్నా కరువు మాత్రం రెంటినీ సమంగా కాల్చింది. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో తొమ్మిది లక్షలకు పైగా జనం వున్నారు. పదేళ్ల తర్వాత, 1881 లెక్కలకు ఆ సంఖ్య ఏడు లక్షలకు లోపు పడిపోయింది. చచ్చినవారు చావగా, దేశం పట్టిపోయినవారు పోగా నలుగురిలో ఒకరు లేకుండా పోయారన్న మాట.

వాతావరణ శాఖను అంతకు ముందు సంవత్సరమే, 1875లో స్థాపించారు. దాని మొదటి అధికారి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు దొర. అంత పెద్ద కరువు వచ్చాక, ఇటువంటిది వచ్చే ముందే కనిపెట్టే వీలుందా అన్న ప్రశ్న ఆయన మీద పడింది. ఆయన పాత రికార్డులన్నీ తిరగేశాడు. హిమాలయాల మీద చలికాలం చివర, ఎండాకాలం మొదట్లో మంచు విపరీతంగా పడిన సంవత్సరాల్లో మైదానాల మీద పొడి పడమటి గాలులు వీస్తున్నాయని, వానలు వెనకడుగు వేస్తున్నాయని గమనించాడు. 1884లో ఆ సంగతి లండన్‌లోని రాయల్ సొసైటీకి రాసి పంపాడు. 1886 జూన్ 4న వాతావరణ శాఖ వానల మీద తన మొట్టమొదటి ముందస్తు ప్రకటన చేసింది. అంటే నేడు ఏప్రిల్లో మనం వింటున్న మాటకు పుట్టుక ఆ కరువులో వుంది.

బ్లాన్‌ఫర్డ్ ఆలోచన బాగానే వుంది కాని ఆయనకు కళ్లు చాలలేదు. కొండల మీద వుండే ఊళ్ల నుంచి ఫలానా వాలున ఇంత మంచు పడిందని రాసి పంపితే దాన్ని నమ్ముకోవాలి. ఆ శిఖరాల వెనక టిబెట్‌లో, ఆ పైన రష్యాలో ఏం జరుగుతున్నదో చెప్పేవారు లేరు. ఆయన తర్వాతి కాలంలో ఈ లెక్క కొన్నేళ్లు కుదిరి కొన్నేళ్లు తప్పుతూ వచ్చింది. 1904లో శాఖాధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ మంచు ఒక్కటే చాలదని తేల్చి, ప్రపంచంలోని మూలమూలల గాలి ఒత్తిడుల రికార్డులు తెప్పించి చూశాడు. పసిఫిక్ మహాసముద్రంలో ఒక కొసన ఒత్తిడి పెరిగితే మరో కొసన తగ్గుతుందని కనిపెట్టింది ఆయనే. ఈనాడు ఎల్ నినో అని మనవాళ్లు కూడా నోట పలుకుతున్న వ్యవహారంలో అది సగం.

పైనుంచి చూస్తే తప్ప...

మంచు లెక్కకు కళ్లు వచ్చింది 1966లో. అమెరికా ఉపగ్రహాలు పంపిన ఫోటోలను ముందు పెట్టుకుని, అక్కడి నిపుణులు వారానికి ఒకసారి ఉత్తరార్ధ గోళం పటం మీద మంచు హద్దులు చేత్తో గీయడం ఆ సంవత్సరం నవంబరులో మొదలైంది. మన పాతకాలపు కరణం ఎఫ్.ఎం.బి. పుస్తకంలో చేను హద్దు గీసినట్టే. ఆ పటాలు తొమ్మిది పదేళ్లవి పోగయ్యాక డగ్లస్ హాన్, జగదీశ్ శుక్లా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వాటిని మన దేశపు వానల లెక్కతో పక్కపక్కన పెట్టి చూశారు. శుక్లా మన ఉత్తరప్రదేశ్‌లోని పల్లెటూరి మనిషి. యూరప్, ఆసియాల్లో చలికాలం మంచు ఎక్కువ మేర పరుచుకుంటే తర్వాతి ముంగారి పలుచన, మంచు తక్కువైతే వానలు మెరుగు అని 1976లో వారు ప్రకటించారు. బ్లాన్‌ఫర్డ్ మాట మళ్లీ బ్రతికింది.

వారానికొక పటం 1997 నుంచి రోజుకొకటిగా మారింది. అమెరికా జాతీయ మంచు కేంద్రంలో నేటికీ ఒక మనిషి కంప్యూటరు ముందు కూర్చుని, అనేక ఉపగ్రహాల చిత్రాలు ఒకదాని మీద ఒకటి వేసుకుని, ఈ రోజు మంచు హద్దు ఎక్కడిదాకా వుంది, సముద్రం ఎక్కడిదాకా గడ్డ కట్టింది అని తేల్చి పటం విడుదల చేస్తాడు. మొదట్లో పటంలో ఒక్కో గడి 24 కిలోమీటర్లుండేది. 2004లో 4 కిలోమీటర్లకు, 2014లో ఒక కిలోమీటరుకు దిగింది. మన తహసీల్దారు ఆఫీసు ఆవరణలోని వానకొలత పాత్రలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో పొద్దున ఎనిమిదిన్నరకు చూసి రిజిస్టరులో రాస్తారు గదా, ఇదీ అటువంటి రిజిస్టరే. వాన పడని రోజు కూడా సున్నా అని రాసినప్పుడే రిజిస్టరుకు విలువ.

మంచును పైనుంచి చూడడం అనుకున్నంత సులువు కాదు. మంచు తెలుపు, మేఘమూ తెలుపు. మామూలు కెమెరాకు రెండూ ఒకటే. అయితే మన కంటికి కనిపించని ఒక రకం పరారుణ కాంతిలో చూస్తే మేఘం తెల్లగానే వుంటుంది, మంచు మాత్రం నల్లబడిపోతుంది. మంచు ఆ కాంతిని మింగేస్తుంది. ఈ తేడాను పట్టుకునే ఉపగ్రహాలు రెంటినీ వేరు చేస్తున్నాయి.

సముద్రపు మంచుతో మరో చిక్కుంది. ఉప్పునీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు. దాదాపు మరో రెండు డిగ్రీలు కిందికి దిగాలి. అంత చలి వుండే ధ్రువాల దగ్గర శీతాకాలంలో నెలల తరబడి సూర్యుడే కనిపించడు. చీకట్లో ఫోటో ఎట్లా తీయడం? దీనికి వేరే ఉపాయం వుంది. ఈ లోకంలోని ప్రతి వస్తువూ, మట్టి, నీళ్లు, మంచు, మన ఒళ్లు సహా, ఎంతో కొంత సూక్ష్మ తరంగాలను వెదజల్లుతూనే వుంటుంది. గడ్డకట్టిన సముద్రం నుంచి వచ్చే తరంగాలు ఎక్కువ, నీటి నుంచి వచ్చేవి తక్కువ. వీటికి చీకటి అడ్డం కాదు, మేఘమూ అంతగా అడ్డం కాదు. ఉపగ్రహం ఫోటో తీయదు, చెవి ఒగ్గి విన్నట్టు ఆ తరంగాలను పట్టుకుంటుంది అంతే. 1978 చివర అమెరికా పంపిన నింబస్-7 ఉపగ్రహంతో మొదలై, ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చిన ఉపగ్రహాలు నేటిదాకా ఆ పని చేస్తూనే వున్నాయి. ఇందులో చూపు మాత్రం మందం. పటంలో ఒక్కో గడి 25 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు వుంటుంది. మన జిల్లా లెక్కన రెండు మండలాలు ఒక్క గడిలో ఇమిడిపోతాయి. గడిలో నూటికి పదిహేను వంతులైనా మంచు వుంటే దాన్ని మంచు గడిగా లెక్క కడతారు.

ఈ లెక్కల్లో తేలిన సంగతులు చిన్నవి కావు. ఉత్తర ధ్రువ సముద్రంలో మంచు మార్చి మాసంలో ఎక్కువగా, సెప్టెంబరులో తక్కువగా వుంటుంది. 1979 సెప్టెంబరులో అది కరగగా మిగిలింది దాదాపు 69 లక్షల చ.కి.మీ. 2012 సెప్టెంబరులో మిగిలింది 34 లక్షల దరిదాపు. అంటే సగం. మన భారతదేశ విస్తీర్ణం 32 లక్షల 87 వేల చ.కి.మీ. అని గుర్తు చేసుకుంటే, ముప్ఫయి ఏళ్లు తిరిగేసరికి మన దేశమంత మంచు ఆ సెప్టెంబరులో కనబడలేదని అర్థమవుతుంది. 2025 మార్చిలో, అంటే మంచు నిండుగా వుండాల్సిన మాసంలో కూడా, అది 143 లక్షల చ.కి.మీ. దగ్గరే ఆగిపోయింది. ఉపగ్రహాల లెక్క మొదలైన నాటి నుంచి అప్పటిదాకా మార్చిలో ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. దక్షిణాన అంటార్కిటికా చుట్టూ చాలా ఏళ్లు మంచు నిలకడగానే వుంది. కాని 2023 ఫిబ్రవరిలో అక్కడా 18 లక్షల చ.కి.మీ.కు లోపు పడిపోయింది.

తేలే మంచు కరిగితే సముద్రం పొంగి బందరు, కాకినాడ మునుగుతాయని అనుకునేవారున్నారు. అది నిజం కాదు. గ్లాసు నీళ్లలో వేసిన ఐసు ముక్క కరిగినా నీళ్లు పొర్లవు. సముద్రాన్ని పెంచేది నేల మీద వున్న మంచు. గ్రీన్‌లాండు, అంటార్కిటికా భూమి మీది గడ్డలు కరిగి సముద్రంలోకి దిగితే అది వేరే సంగతి.

అంటార్కిటికా నుంచి షాద్‌నగర్‌కు

ఇదంతా అమెరికా వారి పని, మనకేం సంబంధం అనుకోనక్కరలేదు. కర్నూలు నుంచి హైదరాబాదుకు బస్సులో పోయేవారు జడ్చర్ల దాటాక షాద్‌నగర్ మీదుగానే పోతారు. అక్కడ జాతీయ దూర సంవేదన కేంద్రం వారి భూకేంద్రం వుంది. పెద్ద పెద్ద డిష్‌లు ఆకాశంలోకి తిరుగుతూ మన ఉపగ్రహాలు పంపే బొమ్మలను పట్టుకుంటాయి. ఈ సంస్థను 1974లో హైదరాబాదులో స్థాపించారు. మొదట ఏజెన్సీగా వుండి, 2008లో ఇస్రోలో భాగమై కేంద్రమైంది.

మంచు పటాలు తీసే ఉపగ్రహాలు ఉత్తర దక్షిణ ధ్రువాల మీదుగా భూమిని చుట్టివస్తాయి. ఒక్కో చుట్టుకు నూరు నిమిషాలు. రోజుకు పద్నాలుగు చుట్లు. కింద భూమి తిరుగుతూ వుంటుంది కనుక షాద్‌నగర్ పైకి అవి వచ్చేది ఆ పద్నాలుగింటిలో కొన్ని సార్లే. అదే ధ్రువానికి దగ్గరలో డిష్ వుంటే చాలా చుట్లు దాని కంట పడతాయి. బావి దగ్గర కపిలెద్దులు ఎన్నిసార్లు పోయి వచ్చినా గిలక మీదుగానే పోవాలి గదా, ధ్రువం అటువంటి గిలక. ఈ కిటుకు తెలిసే అంటార్కిటికాలో మన దేశం 2012లో కట్టుకున్న భారతి స్థావరం దగ్గర, లార్స్‌మన్ గుట్టల్లో, 2013 ఆగస్టులో ఒక భూకేంద్రం పెట్టారు. అక్కడ పట్టుకున్న సమాచారం మరో సమాచార ఉపగ్రహం ద్వారా షాద్‌నగర్‌కు వచ్చి చేరుతుంది. పెంగ్విన్ పక్షులు తిరిగే చోటి నుంచి పాలమూరు ఎర్రనేలల్లోకి ఒక దారి వేశారన్న మాట.

మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల మొదటిది 2003లో శ్రీహరికోట నుంచి ఎగిరింది. 2011, 2016లలో దాని తమ్ముళ్లు పోయాయి. వీటిలోని ఒక కెమెరా ఏకబిగిన 740 కిలోమీటర్ల వెడల్పు చూస్తుంది. అందులో ఒక్కో చుక్క 56 మీటర్లు. అంటే సుమారు ముప్పావు ఎకరం. ఇందాక చెప్పిన పరారుణ కాంతి కూడా ఈ కెమెరా చూస్తుంది కనుక హిమాలయాల మీద ఏది మంచు, ఏది మేఘం అని పోల్చి పటాలు తీస్తున్నారు. 1999లో శ్రీహరికోట నుంచే పోయిన ఓషన్‌శాట్ ఉపగ్రహంలో సూక్ష్మ తరంగాలు పట్టే పరికరం వుండేది. దాంతో అహమ్మదాబాదులోని ఇస్రో కేంద్రం వారు అంటార్కిటికా సముద్రపు మంచును లెక్క కట్టారు. మన శాస్త్రజ్ఞులను మోసుకుపోయే ఓడ మంచులో ఇరుక్కోకుండా ఏ దారిన పోవాలో ఇటువంటి పటాలు చూసే చెబుతారు. 1982 జనవరిలో మనవాళ్లు మొదటిసారి అక్కడ అడుగు పెట్టినప్పుడు ఈ సదుపాయం లేదు.

ఈ సంస్థ మంచు పని ఈనాటిది కాదు. 1980వ దశకంలోనే హిమాలయాల మంచు విస్తీర్ణం ఉపగ్రహంతో కొలిచి, ఎండాకాలంలో సట్లెజ్ నదిలోకి ఎన్ని నీళ్లు దిగుతాయో భాక్రా ఆనకట్ట వారికి ముందుగా చెప్పేవారు. పంజాబు రైతుకు మంచు అంటే నేరుగా కాలువ నీళ్లే.

మనకట్లా కాదు. ఈ తేడా మనవాళ్లు గుర్తించాలి. కృష్ణ పుట్టింది మహాబలేశ్వరంలో, తుంగభద్ర పుట్టింది పడమటి కనుమల్లో. అక్కడ మంచు లేదు. హంద్రీ మన మద్దికెర చేలల్లో పుట్టి కర్నూలులో తుంగభద్రలో కలుస్తుంది. కృష్ణగిరి రిజర్వాయరుకు హంద్రీ-నీవా కాలువ మీద వచ్చేవి శ్రీశైలం నీళ్లు. ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు ఎల్.ఎల్.సి.లో వచ్చేవి తుంగభద్ర డ్యాం నీళ్లు. ఏ కాలువ చూసినా అంతా వాన నీరే. హిమాలయాల్లో ఎంత మంచు కరిగినా ఒక్క చెంబెడు మనదాకా రాదు. మనదాకా వచ్చేది గాలి.

గొంగడి, తెల్లపంచె

మధ్యాహ్నపు ఎండలో ఒక నల్లగొంగడి, ఒక తెల్లపంచె పక్కపక్కన ఆరేసి కాసేపయ్యాక చేయి పెట్టి చూస్తే గొంగడి కాలుతుంది, పంచె అంతగా కాలదు. భూమి సంగతీ అంతే. కొత్తగా పడిన మంచు తన మీద పడిన ఎండలో నూటికి ఎనభై పైచిలుకు వెనక్కి కొట్టేస్తుంది. మంచు లేని సముద్రం నూటికి పది కూడా వెనక్కి కొట్టదు, అంతా తాగేస్తుంది. ధ్రువాల దగ్గర పంచె తీసేసి గొంగడి పరిచిన కొద్దీ అక్కడ వేడెక్కడం, ఆ వేడికి మరికొంత మంచు కరగడం, ఇట్లా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి.

మన వానలకు కావలసింది భూమి వేడెక్కడం. వేసవిలో ఆసియా ఖండం నేల కాగి, దాని మీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది తడిగాలి పరిగెత్తుకు వస్తుంది. అదే నైరుతి. నేల మీద మంచు దట్టంగా వున్న సంవత్సరం ఎండ కొంత వెనక్కి పోతుంది. మిగిలిన వేడిలో కొంత ఆ మంచు కరగడానికే ఖర్చవుతుంది. కరిగాక నేల తడిసి వుంటుంది. తడి గోనె చుట్టిన కుండ ఎంత ఎండలో పెట్టినా చల్లగా వుంటుంది చూడండి, ఆసియా ఖండం ఆ ఏడు అటువంటి కుండ అవుతుంది. నేల ఆలస్యంగా కాగుతుంది, గాలి ఆలస్యంగా, నీరసంగా లాగుతుంది. మన చేలో గొర్రు ఆగిపోతుంది.

లెక్క తప్పిన ఏళ్లు

చెప్పడానికి ఇంత తేలికగా వున్న ఈ సూత్రం ప్రతి ఏడూ పనిచేస్తే ఎవరూ అప్పుల పాలు కానక్కరలేదు. 1988లో వాతావరణ శాఖ పదహారు గుర్తులు చూసి వానలు చెప్పే పద్ధతి పెట్టింది. అందులో హిమాలయాల మంచు ఒకటి, యూరప్ ఆసియాల మంచు ఒకటి. పద్నాలుగేళ్లు గడిచాయి. 2002లో వానలు మామూలుగానే వుంటాయని ఆ లెక్క చెప్పింది. ఆ జూలైలో దేశంలో సగం వాన కూడా పడలేదు. పదహారు గుర్తుల పద్ధతిని ఆ తర్వాత పక్కన పెట్టేశారు. ఇప్పుడు శాఖ పెద్ద కంప్యూటర్లలో సముద్రాల వేడి, గాలుల నడక అన్నీ వేసి లెక్క కడుతున్నది. మంచును అనేక సూచనల్లో ఒకటిగా మాత్రమే చెబుతున్నది.

2023 సంగతి మన జిల్లా వారికి ఇంకా మరపు రాలేదు. ఆ ఫిబ్రవరి, మార్చి మాసాల్లో ఉత్తరార్ధ గోళంలో మంచు మామూలు కన్నా తక్కువగానే వుంది. సూత్రం ప్రకారం వానలు బాగుండాలి. కాని పసిఫిక్‌లో ఎల్ నినో లేచింది. దేశంలో వాన నూటికి 94 దగ్గర ఆగింది. ఆగస్టు మాసమంతా ఎండ కాసింది. రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. అందులో కర్నూలు జిల్లా మండలాలు చాలా వున్నాయి. మరుసటి ఏడు, 2024లోనూ మంచు తక్కువే, వాన మాత్రం నూటికి 108. పాతలోకి పోతే 1997లో చాలా బలమైన ఎల్ నినో వుండి కూడా దేశంలో వాన లోటు కాలేదు. ఒక ఎద్దుతో బండి ఎటు పోతుందో చెప్పలేం, రెండో ఎద్దు ఎటు లాగుతుందో కూడా చూడాలి.

మరొక మాట కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. నూటికి 108 అన్నది దేశం మొత్తానికి సగటు. చిరపుంజి వాన, కృష్ణగిరి వాన కలిపి భాగించిన అంకె అది. దాన్ని చూసి విత్తనం కొనడం ఊరి మొత్తం ఆదాయం సగటు చూసి ఇంట్లో పొయ్యి వెలిగించడం లాంటిదే.

పంట చేతికొచ్చే వేళ

మంచు లెక్క విత్తే కాలానికే గాక కోత కాలానికీ పనికి రావచ్చునని ఈ మధ్య తెలియవస్తున్నది. గోవాలో జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం వుంది. అక్కడి శాస్త్రజ్ఞులు, మరికొందరు కలిసి 2021లో ఒక పరిశోధన ప్రకటించారు. రష్యాకు ఉత్తరాన వున్న కారా సముద్రంలో వేసవిలో మంచు బాగా తగ్గిన సంవత్సరాల్లో, పై గాలుల్లో అలలు పుట్టి యూరప్ మీదుగా మనవైపు దిగుతాయని, అరేబియా సముద్రం వేడి దానికి తోడైతే సెప్టెంబరులో, రుతుపవనాలు వెనక్కి మళ్లే వేళ, మధ్య భారతంలో కుండపోత వానలకు అవకాశం వుందని దాని సారాంశం.

వారు చెప్పింది మధ్య భారతం గురించి, మన గురించి కాదు. ఐనా సెప్టెంబరు చివరి వాన అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. బుడ్డలు పెరికి వరుసలు వేసిన చేలో మూడు రోజులు ముసురు పట్టిందంటే కాయలోనే మొలక వస్తుంది, కట్టె కుళ్లి పశువులకు కూడా పనికి రాదు. విచ్చిన పత్తి తడిసి రంగు మారితే ఆదోని మార్కెట్ యార్డులో దాన్ని చూసే కన్నే వేరు. 2009 సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదటి వారాల్లో పడిన వానలకు తుంగభద్ర పొంగి మంత్రాలయంలోకి నీళ్లు రావడం, కర్నూలు పట్టణం మునగడం చూసినవాళ్లమే. ఆ వరద కారా సముద్రం వల్ల వచ్చిందని ఎవరూ అనలేదు, ఈ విలేఖరీ అనడం లేదు. అటువంటి వానను పది రోజులు ముందుగా పసిగట్టే ఆనవాలు ఏ మూల దొరికినా అది మనకు అక్కరకొచ్చేదే.

రిజిస్టరు ఆగిపోతుందా?

ఇన్నాళ్ల ఈ రోజువారీ లెక్కకు 2025లో పెద్ద గండం వచ్చింది. సముద్రపు మంచు తరంగాలను పట్టే ఉపగ్రహాల్లో ప్రధానమైనవి అమెరికా రక్షణ శాఖవి. వాటి సమాచారాన్ని జూన్ ఆఖరుకు ఆపేస్తున్నట్టు ఆ మాసంలోనే కబురు వచ్చింది. నాలుగు రోజుల ముందు చెప్పి నలభై ఏళ్ల పైబడిన ఖాతా మూసేయడమేమిటని శాస్త్రజ్ఞులు గగ్గోలు పెట్టారు. గడువు జూలై ఆఖరుకు జరిగింది. ఆ తర్వాత 2026 సెప్టెంబరు దాకా ఇస్తామన్నారు. ఈలోగా మంచు లెక్క రాసే అమెరికా కేంద్రం జపాను వారు 2012లో పంపిన షిజుకు ఉపగ్రహం వైపు మళ్లింది. ఆ ఉపగ్రహానికీ వయసు మీదపడిందని మరిచిపోరాదు.

కొలిచే పాత్ర మారినప్పుడు పాత పాత్రను, కొత్త పాత్రను కొన్నాళ్లు పక్కపక్కన పెట్టి కొలవాలి. లేకపోతే మంచు తగ్గిందా, పాత్ర మారిందా తెలియదు. శేరుతో కొలిచిన పాత పద్దును కిలోల్లో రాసిన కొత్త పద్దుతో కలిపి కూడితే వచ్చే తంటా ఇది. పాత ఉపగ్రహాలు ఒక్కసారిగా ఆగితే ఈ పోలిక చూసుకునే వ్యవధి దొరకదు. శాస్త్రజ్ఞుల ఆదుర్దా అంతా దానికే.

దూరపు రిజిస్టరు సంగతి అట్లా వుంటే దగ్గరి రిజిస్టరు గతి మరోలా వుంది. కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లాకొకరు చొప్పున వాతావరణం చూసి పంటకు సలహా చెప్పేందుకు పెట్టిన విభాగాలను 2024లో దేశమంతటా మూసివేయించారు. అవి దాదాపు రెండు వందలు. సైబీరియాలో మంచు కిలోమీటరు కిలోమీటరుకూ లెక్క వుంది. ఆ లెక్కను మన బ్లాకుకు, మన పంటకు కుదించి చెప్పే మనిషి కొలువు మాత్రం ముందు పోయింది.

ప్రస్తుతం రైతులకు అందే మార్గాలు ఇవి. ఏప్రిల్ మధ్యలో వచ్చేది మొదటి ప్రకటన మాత్రమే. మే ఆఖరులో రెండోది వస్తుంది. అందులో దేశాన్ని నాలుగు ముక్కలు చేసి దక్షిణ భారతానికి వేరుగా చెబుతారు. మనకు దగ్గరైనది అదే. 2021 నుంచి జూన్ మొదలు ప్రతి మాసానికీ విడిగా కూడా ప్రకటిస్తున్నారు. విత్తే వారం, పెరికే వారం తేల్చుకోవడానికి ఇవేవీ చాలవు. అందుకు వారంలో రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో ఐదు రోజుల వాన సూచన, పంటల సలహా జిల్లాల వారీగా వస్తున్నాయి. 2019లో విడుదలైన మేఘదూత్ యాప్‌లో జిల్లా పేరు ఎంచుకుంటే తెలుగులోనే చదువుకోవచ్చు. చదువు రాని పెద్దలకు ఇంట్లో బడికి పోయే పిల్లలెవరైనా చదివి వినిపించవచ్చు.